గజ సంరక్షణ: దేశీయ, అంతర్జాతీయ కృషి

“ఏనుగు బ్రతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే” అన్నది మన పెద్దల సామెత. గొప్పవారి విలువ ఏ స్థితిలోనూ తరగదని దాని భావం. కాని ఆ మాటను అక్షరార్థంలో గ్రహిస్తే ఏనుగు జాతికి వాటిల్లిన విపత్తు అంతా అందులోనే గోచరిస్తుంది. చచ్చిన ఏనుగుకు వెల ఉన్నంతకాలం దానిని చంపేవాడు ఉండనే ఉంటాడు. దేశదేశాల ప్రభుత్వాలు ఇన్నాళ్లూ చేసిన కృషిలో అధికభాగం ఆ రెండవ ‘వెయ్యి’ని సున్న చేయడానికే వినియోగమైంది. అది ఎంతవరకు ఫలించినదీ, ఇక మిగిలిన కార్యమేమిటో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ముందుగా ఈ జంతువు జీవన విధానాన్ని తెలుసుకోవడం అవసరం. పెరిగిన ఏనుగుకు దినమునకు సుమారు 150 కిలోల మేత కావాలి. ఇంత ఆహారం ఒకే చోట లభించదు గనుక మంద నిత్యం సంచరిస్తూ ఉంటుంది. వయసు మళ్లిన ఆడ ఏనుగు మందకు నాయకత్వం వహించి, తనకు తెలిసిన దారుల వెంట, నీటి వనరుల వద్దకు నడిపిస్తుంది. తిన్న పండ్ల గింజలను దూర ప్రాంతాలలో విసర్జించి ఏనుగులు అడవినే విస్తరింపజేస్తాయి. అయితే గర్భధారణ కాలం సుమారు 22 నెలలు; రెండు కాన్పుల మధ్య నాలుగైదేండ్ల వ్యవధి ఉంటుంది. కావున ఒకసారి క్షీణించిన మంద తిరిగి కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. పైగా ఆసియా ఏనుగులలో మగవాటికే పెద్ద దంతాలుంటాయి. వేటగాళ్లు వాటినే ఏరి చంపడంతో కొన్ని అడవులలో మగ ఏనుగుల సంఖ్య దారుణంగా పడిపోయింది.

మన దేశంలో ఏనుగుల రక్షణకు చట్టం చేయడం కొత్త విషయం కాదు. నాడు తెలుగు జిల్లాలు అనేకం చేరియున్న మద్రాసు రాష్ట్రంలో 1873లోనే అడవి ఏనుగులను విచక్షణారహితంగా చంపడాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. 1879లో బ్రిటిష్ ఇండియాకు వర్తించే మరొక చట్టం వెలువడింది. స్వాతంత్ర్యానంతరం 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం ఏర్పడగా, 1977లో ఏనుగును దాని మొదటి షెడ్యూలులో చేర్చి అత్యున్నత రక్షణ కల్పించారు. 1986లో భారతీయ ఏనుగు దంతం వ్యాపారాన్ని నిషేధించారు. అయినా ఒక లొసుగు మిగిలిపోయింది. ఆఫ్రికా నుండి దిగుమతియైన దంతమనే పేరుతో దేశీయ దంతం చేతులు మారుతూ వచ్చింది. 1991 సవరణ దిగుమతి దంతం వ్యాపారాన్ని కూడా నిషేధించి ఆ తలుపు మూసివేసింది.

దంతం సముద్రాలు దాటే సరుకు గనుక ఏ ఒక్క దేశమూ దానిని అరికట్టజాలదు. ఈ సత్యాన్ని గుర్తించియే 1973లో వాషింగ్టన్‌లో సైటిస్ అను అంతర్జాతీయ ఒడంబడిక కుదిరింది. 1975లో అది అమలులోకి రాగా, మరుసటి సంవత్సరం భారతదేశం అందులో చేరింది. వాణిజ్యం పూర్తిగా నిషిద్ధమైన జీవులు మొదటి అనుబంధంలోను, అనుమతి పత్రాలతో వాణిజ్యం సాగించదగినవి రెండవ అనుబంధంలోను ఉంటాయి. ఆసియా ఏనుగుకు మొదట్లోనే మొదటి అనుబంధంలో స్థానం లభించింది. ఆఫ్రికా ఏనుగు మాత్రం రెండవదానిలో ఉండిపోయింది. ఫలితం ఘోరమైనది. 1979లో సుమారు 13 లక్షలని అంచనా వేయబడిన ఆఫ్రికా ఏనుగులు పదేండ్లలో ఆరు లక్షలకు దిగజారాయి. 1989 జూలైలో కెన్యా అధ్యక్షుడు డేనియల్ అరప్ మోయ్ 12 టన్నుల దంతాన్ని బహిరంగంగా దహనం చేయించి లోకాన్ని మేల్కొలిపాడు. అదే సంవత్సరం ఆఫ్రికా ఏనుగును కూడా మొదటి అనుబంధంలోకి మార్చారు.

అంతటితో వివాదం సమసిపోలేదు. తమ అడవులలో ఏనుగులు పుష్కలంగా ఉన్నవనీ, దంతం అమ్మిన సొమ్ము సంరక్షణకే ఉపకరిస్తుందనీ దక్షిణాఫ్రికా ఖండ దేశాలు వాదించాయి. నిల్వ దంతాన్ని 1999లోను, 2008లోను అమ్ముకొనుటకు వాటికి అనుమతి లభించింది. సక్రమమైన అమ్మకం అక్రమ సరుకుకు ముసుగు అవుతుందని ఇతర దేశాలు ఆక్షేపించాయి. చివరకు చైనా తన దేశంలోని దంతం వ్యాపారాన్ని 2017 సంవత్సరాంతానికి మూసివేయడం గొప్ప పరిణామం.

ఈ విధంగా దంతం సమస్యకు కొంత కట్టడి జరిగింది. కాని నేడు మన ఏనుగుకు అంతకంటె పెద్ద కొరత నేల. 1992లో కేంద్ర ప్రభుత్వం ‘ప్రాజెక్ట్ ఎలిఫెంట్’ను ప్రారంభించి ఏనుగుల అభయక్షేత్రాలను గుర్తించింది. 2010లో ఏనుగును జాతీయ వారసత్వ జంతువుగా ప్రకటించింది. పేడ నమూనాలలోని డి.ఎన్.ఎ. ఆధారంగా జరిపిన గణనలో దేశంలో 22,446 ఏనుగులున్నట్లు 2025లో అంచనా వెలువడింది. ఆసియా ఖండపు అడవి ఏనుగులలో సగానికి పైగా మన దేశంలోనే ఉన్నాయి. అడవికీ అడవికీ నడుమ అవి సంచరించే దారులు 150 ఉన్నట్లు 2023లో ప్రభుత్వం నమోదు చేసింది. ఆ దారులకు అడ్డంగా రైలుమార్గాలు, కాలువలు, తోటలు, విహార గృహాలు వెలిశాయి. దారి మూసుకుపోయిన మంద పొలాల మీద పడక ఏం చేస్తుంది? దేశంలో ఏటా సుమారు 500 మంది మనుషులు, 100 ఏనుగులు ఈ సంఘర్షణలో మరణిస్తున్నారంటే సమస్య తీవ్రత బోధపడుతుంది.

దారులను తిరిగి తెరవడం అసాధ్యం కాదు. నీలగిరులలోని సిగూరు పీఠభూమిపై ఏనుగుల మార్గాన్ని రక్షించే ప్రభుత్వ ప్రకటనను 2020లో సుప్రీంకోర్టు సమర్థించింది. కేరళలోని వయనాడులో తిరునెల్లి–కుద్రకోటె మార్గంలో నివసించే కుటుంబాలకు వేరొకచోట ఇండ్లు, భూములు సమకూర్చి, వారి సమ్మతితోనే దారిని విడిపించారు. ఒకచోట న్యాయస్థానం తీర్పు, మరొకచోట గ్రామీణుల అంగీకారం కార్యాన్ని సాధించాయి.

ఈ సమస్య మనకు దూరమైనది కాదు. సుమారు రెండు శతాబ్దాలుగా ఏనుగు జాడలేని చిత్తూరు ప్రాంతానికి 1980ల ప్రథమార్ధంలో తమిళనాడు వైపు నుండి మందలు తరలివచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఆనాటి నుండి పలమనేరు, కుప్పం ప్రాంతాల రైతు చెరకు, రాగి, అరటి తోటల వద్ద రాత్రుళ్లు కాపలా కాస్తున్నాడు. పొలం చుట్టూ అక్రమంగా విద్యుత్తు పారించిన తీగలకు తగిలి ఏనుగులూ ప్రాణాలు కోల్పోయాయి. మందలను అడవిలోకి మళ్లించుటకు 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం నాలుగు శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. ఇది మంచి సహాయమే. కాని ఆ ఒక్కటే చాలదు. నష్టపోయిన పంటకు న్యాయమైన పరిహారం వెంటనే అందకపోతే, ఏనుగును రక్షించమని ఆ రైతును కోరే అర్హత పట్టణవాసులమైన మనకు ఉండదు. దేశమంతా గర్వించే జంతువుకు మేత పెట్టే భారం ఒక పేద కుటుంబం మీదనే మోపడం ధర్మం కాదు.

ఉర్దూలో “హాథీ కే దాంత్ ఖానే కే ఔర్, దిఖానే కే ఔర్” అను లోకోక్తి ఉన్నది. ఏనుగుకు నమిలే దంతాలు వేరు, చూపించే దంతాలు వేరని అర్థం. చట్టాలు, ఒడంబడికలు, బిరుదులు చూపించే దంతాల వంటివి; అవీ అవసరమే. కాని ఆకలి తీర్చేవి లోపలి దంతాలు. తెరిచి ఉన్న దారి, సకాలంలో చేతికందిన పరిహారం, మంద రాకను ముందే తెలిపే హెచ్చరిక — ఇవే సంరక్షణకు నమిలే దంతాలు. చచ్చిన ఏనుగు వెలను చట్టం చాలావరకు తగ్గించింది. బ్రతికిన ఏనుగు విలువను పెంచే బాధ్యత మాత్రం మన తరానిదే.