సేద్యం మానకుండా ఉద్యాన చదువు: చేరే ముందు తెలుసుకోండి

ఆదివారం తరగతులకు వస్తే చాలు, ఉద్యాన డిగ్రీ ఇస్తామని ఎవరైనా చెబితే ఫీజు కట్టకండి. వ్యవసాయ, ఉద్యాన డిగ్రీలను దూరవిద్యలో గానీ, ఆన్‌లైన్‌లో గానీ నడపడాన్ని యూజీసీ నిషేధించింది.

కారణం ఉంది. అంటు కట్టడం, కొమ్మ కత్తిరింపు, నర్సరీ పెంపకం చేతులతో చేస్తేనే వస్తాయి. అందుకే బీఎస్సీ ఉద్యాన కోర్సును 4 ఏళ్లు కళాశాలకు వెళ్లి చదవాలి. వెంకట్రామన్నగూడెంలోని డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం, సిద్దిపేట జిల్లా ములుగులోని శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం ఈ కోర్సును నడుపుతున్నాయి.

పొలం వదిలి వెళ్లలేని వారికి ఇగ్నోలో రెండు మార్గాలున్నాయి:

• సేంద్రియ వ్యవసాయంలో సర్టిఫికెట్: కనీసం 6 నెలలు.
• పండ్లు, కూరగాయలతో విలువ ఆధారిత ఉత్పత్తుల తయారీలో డిప్లొమా: కనీసం ఏడాది.

ఇంటర్ పాసైనవారు చేరవచ్చు. అధ్యయన కేంద్రాల్లో తరగతులు సాధారణంగా శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో ఉంటాయి. ఇవి డిగ్రీకి సమానం కావు. కానీ మామిడి ధర పడిపోయిన ఏడాది కాయను అగ్గువకు అమ్ముకోకుండా గుజ్జు, జామ్, పచ్చడి చేసి అమ్మే దారి చూపుతాయి.

చేరే ముందు మూడు విషయాలు అడగండి: దగ్గరి కేంద్రంలో ఆ కోర్సు ఉందా? పుస్తకాలు ఏ భాషలో ఇస్తారు? ప్రాక్టికల్స్ నాట్లు, కోతల రోజుల్లో పడతాయా?

సర్టిఫికెట్ అవసరం లేదు, పని వస్తే చాలనుకుంటే మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో జరిగే స్వల్పకాలిక శిక్షణల వివరాలు కనుక్కోండి.