తుపాను తర్వాత మాట్లాడే తీగ

పరవాడ: తుపాను వస్తే ముందు పోయేది కరెంటు. ఆ వెనుకే ఫోను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ వద్ద తీరం దాటినప్పుడు గంటకు 180 కిలోమీటర్ల గాలి వీచింది. స్తంభాలు ఒరిగాయి. సెల్ టవర్లు మూగబోయాయి. పక్క ఊరిలోని అయినవాళ్ల క్షేమం తెలిసే దారి లేకపోయింది.

అలాంటి వేళ అక్కరకు వచ్చేది హామ్ రేడియో. దీనికి టవరుతో పని లేదు. సెట్టు, 12 వోల్టుల బ్యాటరీ, పైన ఒక రాగి తీగ ఉంటే చాలు. 2004 డిసెంబరు 26న అండమాన్‌ను సునామీ ముంచెత్తినప్పుడు ఇది రుజువయింది. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో వెళ్లిన బృందం అప్పటికే పోర్టుబ్లెయిర్‌లో ఉంది. అభిరుచి కోసం తీసుకుపోయిన ఆ సెట్లే క్షేమ సమాచారాలను ఒడ్డుకు చేర్చాయి.

సెట్టు ఖరీదైనదే. ఏరియల్ మాత్రం ఇంట్లోనే తయారవుతుంది. ఎప్పుడూ పైనే ఉండే ఏరియల్ గాలికి తెగవచ్చు. చుట్ట చుట్టి సంచిలో దాచిన తీగను గాలి తగ్గాక కాసేపట్లో పైకి ఎత్తవచ్చు.

తయారీ ఇలా

ఇంటి వైరింగుకు వాడే మెత్తని రాగి తీగ 21 మీటర్లు తీసుకుని రెండు సమాన ముక్కలు చేయాలి. రెంటినీ పీవీసీ పైపు ముక్కకు చెరో పక్క బిగించి, అక్కడి నుంచి సెట్టుకు కోయాక్సియల్ కేబులు దించాలి. కేబులు లోపలి తీగ ఒక ముక్కకు, పై అల్లిక రెండో ముక్కకు కలపాలి.

మధ్య నుంచి 5 మీటర్ల వద్ద రెండు పక్కలా తీగ కోసి, తెగిన కొసల నడుమ ప్లాస్టిక్ ముక్క కట్టి, క్లిప్పు అమర్చాలి. క్లిప్పు పెడితే తీగ పక్కకు 10 మీటర్లయి 7 మెగాహెర్ట్జ్‌కు పనికి వస్తుంది. విప్పితే 14 మెగాహెర్ట్జ్. 3.4 మీటర్ల వద్ద మరో జత పెడితే 21 మెగాహెర్ట్జ్ కూడా దక్కుతుంది. తంబురా తీగ పొడవు మారితే శ్రుతి మారినట్టే ఇదీ. 143ను మెగాహెర్ట్జ్ అంకెతో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. మొదట కాస్త ఎక్కువే ఉంచి, మీటరు చూస్తూ కొద్దికొద్దిగా కత్తిరించాలి.

ముత్యాలమ్మపాలెం వంటి తీర గ్రామాల్లో నైలాన్ తాడుకు, వెదురు గెడకు కొదవ లేదు. మధ్యభాగాన్ని గెడకు కట్టి, కొసలను తాళ్లతో కిందికి లాగి కడితే సరి. ఎత్తు 5, 6 మీటర్లయినా పగటిపూట 7 మెగాహెర్ట్జ్ తరంగం నెత్తిమీదికి పోయి, పై వాతావరణ పొరను తాకి, చుట్టుపక్కల జిల్లాల్లో దిగుతుంది. కొండలు అడ్డురావు.

రెండు జాగ్రత్తలు

కరెంటు లైన్ల దరిదాపుల్లో తీగ ఎత్తరాదు. సింహాద్రి విద్యుత్ కేంద్రం ఉన్న ఈ మండలంలో పెద్ద లైన్లు ఎక్కువ. తుపానుకు తెగిపడిన తీగలో కరెంటు లేదని అనుకోరాదు. ఉరుములు వినబడితే ఏరియల్ దించి దూరంగా ఉండాలి.

కేంద్ర టెలికం శాఖ లైసెన్సు లేనిదే ప్రసారం చేయరాదు. అందుకు పరీక్ష నెగ్గాలి. కాబట్టి చదువుకున్న యువకులు ఒకరిద్దరైనా వాన రోజులకు ముందే లైసెన్సు పొంది, తీగ ఎత్తి దించడం సాధన చేయాలి. తుపాను హెచ్చరిక విన్నాక మొదలుపెడితే ఇల్లు కాలుతుండగా బావి తవ్వినట్టే.