ప్రోగ్రామింగ్ భాష ఎంపికలో తెలుగు అక్షర గణన: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
సంస్థల అవసరాలకు, భిన్న ఫోన్లలో పనిచేసే యాప్‌లకు ప్రోగ్రామింగ్ భాషను ఎంచుకొనేటప్పుడు వేగం, వ్యయం, నిపుణుల లభ్యత ప్రమాణాలవుతున్నాయి. ఆ భాష తెలుగు అక్షరాన్ని ఎట్లా లెక్కిస్తుందన్నది కూడా ప్రమాణం కావాలని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ప్రోగ్రామింగ్ భాష, యాప్, యూనికోడ్, సంయుక్తాక్షరం.

1. ఉపోద్ఘాతం:
కృష్ణాజిల్లా నందివాడ మండలం చేపల చెరువులకు ప్రసిద్ధి. అక్కడి రైతుల మేత, పట్టుబడి లెక్కలకు ఒక సంస్థ యాప్ రూపొందించదలచిందని భావిస్తే, దానికి రెండు అంగాలుంటాయి: వివరాలను భద్రపరిచే సర్వర్, రైతు చేతిలోని ఫోన్.

2. ఎంపిక మార్గాలు:
సర్వర్‌కు 1995లో వెలువడిన జావా, 2000లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన సి షార్ప్ స్థిరపడిన భాషలు. ఫోన్ విషయంలో రెండు మార్గాలున్నాయి. ఆండ్రాయిడ్‌కు కోట్లిన్‌లో, ఐఫోన్‌కు స్విఫ్ట్‌లో విడివిడిగా రాయడం మొదటిది. ఒకే ప్రోగ్రామును రెండింటికీ వాడడం రెండవది. జావాస్క్రిప్ట్ ఆధారమైన రియాక్ట్ నేటివ్ (2015), డార్ట్ భాషతో నడిచే ఫ్లట్టర్ (2018) ఇందుకు సాధనాలు. రెండవ మార్గంలో శ్రమ తగ్గుతుంది. ఫోన్‌లోని ప్రత్యేక సౌకర్యాలను వాడుకోవలసినచోట అదనపు పని పడుతుంది.

3. అక్షర గణన:
‘నందివాడ’లో అక్షరాలు 4: నం, ది, వా, డ. యూనికోడ్‌లో సున్నకు, గుణింతపు గుర్తులకు వేర్వేరు సంకేతాలున్నందున సంకేతాలు 7. పదం పొడవు అడిగితే జావా, కోట్లిన్, సి షార్ప్, డార్ట్, జావాస్క్రిప్ట్ 7 అని, స్విఫ్ట్ 4 అని చెబుతాయి. యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్ల చొప్పున మొత్తం 21 బైట్లు. 20 బైట్ల గడిలో ఈ ఊరి పేరు పట్టదు. ఆంగ్లలిపిలో దీనికి 9 బైట్లు చాలు. 5 సంకేతాలకే పరిమితం చేస్తే దీర్ఘం తెగి ‘నందివ’ మిగులుతుంది.

సంయుక్తాక్షరం వద్ద సమస్య మరింత జటిలం. ‘కృష్ణ’లో అక్షరాలు 2, సంకేతాలు 5. యూనికోడ్ విభజన నియమాలు పూర్వం ‘ష్’ను, ‘ణ’ను వేరుచేసి 3 భాగాలుగా చూపాయి. 2023నాటి 15.1 సంచిక ‘ష్ణ’ను ఒకటిగా గుర్తించింది. కనుక ఒకే భాషలో రాసిన యాప్ సైతం పాత, కొత్త ఫోన్లలో భిన్న ఫలితాలివ్వవచ్చు.

4. ముగింపు:
ఈ కారణంగా ఏ భాషనూ తోసిపుచ్చనవసరం లేదు. డార్ట్‌లో క్యారెక్టర్స్, సి షార్ప్‌లో స్ట్రింగ్‌ఇన్ఫో వంటి సాధనాలున్నాయి. ప్రోగ్రామరు పనిగట్టుకొని వాడితేనే అవి అక్కరకు వస్తాయి. సర్వర్, ఫోన్ రెండూ ఒకే నియమంతో లెక్కించేలా ఎంపిక జరగాలి. ఛందస్సులో అక్షర విభజన నేర్పే తెలుగు శాఖలు ద్విత్వ, సంయుక్తాక్షర పదాలతో పరీక్షా జాబితాను సమకూర్చడం ఇందుకు తొలిమెట్టు. రైతు పేరు తెరమీద తెగిపోకుండా ఉండడం సాంకేతిక నిపుణుల బాధ్యత మాత్రమే కాదు, భాషావేత్తల బాధ్యత కూడా.