చరిత్రములు వ్రాసిన అక్క, చరిత్రములు అచ్చొత్తించిన తమ్ముడు

గొప్పవారి జీవితచరిత్రములను మన మాసక్తితో చదువుదుము. వానిని వ్రాసినవారిని గూర్చియు, సరిచూచి అచ్చొత్తించిన సంపాదకులను గూర్చియు తలంచువారు మాత్రము అరుదు. ఈ రెండు పనులకును తెలుగుదేశమున ఒక్క కుటుంబమే పూనుకొనెను.

కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1877లో నాటి కృష్ణామండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. శైశవముననే తండ్రి గతింపగా, అక్కగారగు భండారు అచ్చమాంబగారి యింట పెరిగి నాగపురమున చదివిరి. అచ్చమాంబగారు బడికి పోయినవారు కారు. తమ్ముని తోడ్పాటుతో ఇంటనే తెలుగును, హిందీని నేర్చిరి. పిదప ఇతరభాషలను అభ్యసించిరి. కన్నబిడ్డ లిరువురును పోయిన దుఃఖమును దిగమ్రింగి, 1901లో 'అబలాసచ్చరిత్రరత్నమాల' ప్రథమభాగమును వెలువరించిరి. స్త్రీలు బలహీనులు, బుద్ధిహీనులు అను నింద అబద్ధమని నిజముగా జీవించిన స్త్రీల చరిత్రములచే చూపుటయే ఆమె సంకల్పము. పురాణస్త్రీలకును, పరదేశస్త్రీలకును వేఱు భాగములు వ్రాయదలచిరి. కాని 1905లో, ముప్పదియేండ్ల ప్రాయముననే, కాలధర్మము నొందిరి.

లక్ష్మణరావుగారు మునగాల సంస్థానమున దివానుగా నుండిరి. శివాజీచరిత్రమును స్వయముగా రచించిరి. పిదప తమ కలముకంటె ఇతరుల కలములను నడిపించుటకే ఎక్కువ పాటుపడిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును నెలకొల్పినవారిలో ఆయన యొకరు. మారేడుపల్లి సోదరీమణులు సుల్తానుబజారునకు పోయినపుడు ఆ నిలయమును చూడవచ్చును. 1906లో విజ్ఞానచంద్రికామండలిని స్థాపించి, గ్రంథమాలకు తామే సంపాదకులైరి. దాని తొలిపుస్తకము జీవితచరిత్రమే: గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన 'అబ్రహాము లింకను చరిత్రము'. కఱ్ఱగుడిసెలో పుట్టి బానిసత్వమును తొలగించినవాని కథను పరపాలనలోని తెలుగువారి చేతికిచ్చుట ఎంత యోచనతోడి పని! అక్కగారు దానిని చూడకయే పోయిరి. లక్ష్మణరావుగారును ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును ముగింపకయే 1923లో గతించిరి.

రాజుల యుద్ధములు శాసనములలో నిలుచును. గృహిణుల కష్టసుఖములు వారితోనే మాసిపోవును. వ్రాసియుంచిన సంగతులు లేనిచో ఎంతటి చరిత్రకారుడును ఏమి చేయగలడు? కావున మీ అమ్మమ్మగారి పేరు, పుట్టినయూరు, సంవత్సరము, ఆమె చేసిన మంచిపనులు నేడే యొక పుస్తకమున వ్రాసియుంచుడు. అచ్చమాంబగారు సగములో విడిచిన పని అట్లు మన యిండ్లలోనే సాగును.