దీపధారిణి గౌనుకు గంజి

పిల్లలూ, తాతగారి పంచెకు గంజి పెట్టి ఆరేస్తే ఏమవుతుందో మీరు చూసే ఉంటారు. అప్పడంలాగా బిగుసుకుపోతుంది. మడత విప్పబోతే ఫెళఫెళలాడుతుంది. మెత్తని గుడ్డకు వచ్చే ఈ బిగువునే నమ్ముకుని, నూటడెబ్బై ఏళ్లకు పూర్వం ఇంగ్లండులోనూ ఫ్రాన్సులోనూ ఆడవాళ్లు తమ గౌన్లను గుడిగంటల్లాగా విప్పార్చుకునేవారు. మీ బళ్లో ఎప్పుడైనా ఆ కాలపు నాటకం వేసేటట్టయితే ఆ గౌను ఎలా నిలబెట్టాలో చెబుతాను. నేను చేసిన పొరపాటు ఒకటి ఉంది, అదీ చెబుతాను.

ఇది 2010లో సంగతి. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1910 ఆగస్టు 13న చనిపోయింది. నూరేళ్లు నిండాయి కదా అని మా బడి పిల్లలు ఆమె మీద నాటకం వేస్తామన్నారు. మాది గోదావరి కాలవ కింద పండే ఊరు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్‌తో ఆమె ఉత్తరాలు నడిపిందనీ, ఇండియాలో కాలవలు తవ్వించాలని వాదించిందనీ నేనే పిల్లలకు చెప్పి ఉన్నాను. అందుచేత కాదనలేకపోయాను.

గౌను కుట్టించాం. పాత తెరగుడ్డతో, బోలెడన్ని కుచ్చులు పెట్టించాం. తీరా తొమ్మిదో తరగతి అమ్మాయి దాన్ని తొడుక్కుని వచ్చేసరికి, అది తడిసిన గొడుగులాగా కాళ్లకు చుట్టుకుని వేలాడింది. మొగపిల్లలు ఫక్కున నవ్వారు. ఆ పిల్ల మొహం చిన్నబోయింది.

“వెదురుబద్దలు వంచి లోపల కడదామండీ,” అన్నాడు డ్రాయింగు మాస్టారు.

ఆలోచన మంచిదే. కాని ఒక చిక్కుంది. గౌను లోపల ఉక్కు వలయాలతో కట్టే పంజరం పారిస్‌లో 1856లో పేటెంటు అయింది. మా నాటకంలో మొదటి రంగం 1854లో జరుగుతుంది. నైటింగేల్ ముప్పయి ఎనిమిది మంది నర్సులను వెంటబెట్టుకుని, క్రిమియా యుద్ధంలో గాయపడ్డ సిపాయిల కోసం టర్కీలోని స్కుటారి ఆస్పత్రికి బయలుదేరబోతున్న రోజులవి. అప్పటికి ఇంకా పంజరం పుట్టనే లేదు. మరి గౌన్లు ఎలా నిలబడేవి? పెట్టీకోట్ల మీద నిలబడేవి. పెట్టీకోటు అంటే మరేమీ కాదు, చీరలోపల కట్టుకునే లంగాలాంటిదే. ఒకటి కాదు, నాలుగూ అయిదూ, ఒక్కొక్కప్పుడు ఆరు దాకా, ఒకదానిమీద ఒకటి కట్టేవారు. వాటికి చిక్కగా గంజి పెట్టేవారు. కొన్నిటి అంచుల్లో తాళ్లు పెట్టి కుట్టేవారు. గుర్రపు వెంట్రుకలతో నేసిన గుడ్డ కూడా వాడేవారు. ఫ్రెంచిభాషలో ‘క్రిన్’ అంటే గుర్రపు వెంట్రుక, ‘లిన్’ అంటే నారబట్ట. ‘క్రినొలిన్’ అన్న పేరు అలా వచ్చింది. ఇన్ని బరువులు నడుముకు వేలాడేసుకుని తిరిగినవాళ్లకు రెండేళ్ల తరవాత ఉక్కు పంజరం వచ్చినప్పుడు ప్రాణం లేచివచ్చినట్టుంది. ఇవాళ మనకు పంజరం చూస్తే నవ్వొస్తుంది గాని, వాళ్లకు అది తేలిక!

కాబట్టి గంజే పెట్టాలని తీర్మానించాం. పంజరం అయితే డ్రాయింగు మాస్టారు కట్టేవాడు. గంజి మాకెవరికీ చేతకాదు. ఆ పిల్ల నాయనమ్మను పిలిపించాం.

“వార్చిన గంజి పంచెలకు సరిపోద్ది మాస్టారూ,” అన్నదావిడ. “ఇది నిలబడాలంటే సగ్గుబియ్యం గంజి కాచాల. లంగాలు మటుకు నూలువే తెండి. ఆ జారుడు గుడ్డలకు గంజి పట్టదు.”

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. నైలాను, పాలియెస్టరు నీళ్లను దగ్గరకు రానివ్వవు, గంజినీ రానివ్వవు. పైగా నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటాయి.

ఆవిడ పద్ధతి ఇది. రెండు లీటర్ల నీటికి ఒక టీ గ్లాసు సగ్గుబియ్యం, అంటే సుమారు వంద గ్రాములు. గంటసేపు నానబెట్టి, సన్నని సెగ మీద అడుగంటకుండా కలుపుతూ కాచాలి. తెల్లని పూసలు గాజుపూసలై, చివరకు కనిపించకుండా కరిగిపోవాలి. పలచని గుడ్డలో వడకట్టాలి. ఒక్క పూస మిగిలినా లంగా మీద అతికి, ఇస్త్రీ పెట్టెకు పట్టుకుంటుంది. ఇది పెద్దవాళ్లు చెయ్యవలసిన పని. ఉడుకుతున్న గంజి మరిగే నీళ్లకన్న అధ్వాన్నం, ఒంటిమీద పడితే అంటుకుని మరీ కాలుస్తుంది. చెయ్యి పెట్టగలిగేటంత చల్లారాక, ఉతికి పిండిన లంగాను తడిమీదనే అందులో ముంచి, గుడ్డ అంతటా పట్టేటట్టు పిసకాలి. రెండు చేతులా పిండాలి గాని మెలిపెట్టి పిండకూడదు.

తరవాత ఆరబెట్టడం. ఇక్కడ నాయనమ్మ చేసిన పని చూసి నేను తెల్లబోయాను. పెరట్లోంచి కోళ్లగంప తెప్పించింది! శుభ్రంగా కడిగించి, దానిమీద పాత దుప్పటి పరిచి, ఆ పైన తడి లంగాను తొడిగింది. అంచు చుట్టూ లాగి గుండ్రంగా సర్దింది. సాయంత్రానికి లంగా గంప ఆకారంలోనే ఎండిపోయింది. గంప తీసేస్తే లంగా వాకిట్లో ఒంటరిగా నిలబడి ఉంది. వీధికుక్క ఒకటి దాన్ని చూసి మొరిగింది కూడాను. ఇస్త్రీ చేసేముందు నీళ్లు చిలకరించి, చుట్టచుట్టి అరగంట ఉంచాలి. ఎండిన గంజి మీద పెట్టె జరగదు. వేడి మరీ ఎక్కువైతే గంజి మాడి గుడ్డ పచ్చబడుతుంది.

ఇలాంటివి మూడు చేశాం. అన్నిటికన్న లోపలిదానికి చిక్కని గంజి, పైదానికి పలచనిది. పైది కూడా బిగుసుకుపోతే, దాని మడతలు గౌను మీద గీతల్లాగా కనిపిస్తాయి.

అసలు గుడ్డ ఎందుకు బిగుస్తుంది? సగ్గుబియ్యం కర్రపెండలం దుంపలోనుంచి వస్తుంది. మా గోదావరి సీమలో పెద్దాపురం, సామర్లకోట ప్రాంతాల్లో దీన్ని చేసే మిల్లులున్నాయి. దుంపలోని పిండి అంతా కంటికి కనిపించని రేణువుల రూపంలో ఉంటుంది. చన్నీళ్లలో వేస్తే ఆ రేణువులు కరగవు, అడుక్కు చేరతాయి. నీళ్లు సుమారు 65, 70 డిగ్రీల సెంటిగ్రేడు వేడెక్కేసరికి అవి నీళ్లు తాగి ఉబ్బుతాయి, పగులుతాయి, లోపలి పదార్థం పొడుగాటి దారాలుగా బయటికి వస్తుంది. ఆ దారాలు చక్కెర పూసల దండలు. విచిత్రమేమంటే, నూలుపోగు కూడా అదే చక్కెర పూసల దండే! పూసలను గుచ్చిన తీరు వేరు, అంతే. అందుకే గంజికీ నూలుకూ అంత స్నేహం. నీరు ఆరిపోయాక గంజి పోగుకూ పోగుకూ మధ్య అతుకుగా నిలిచి, వాటిని జరగనివ్వదు. తడి తగిలితే ఈ అతుకు వదులుతుంది. వానాకాలంలో గంజిబట్ట మెత్తబడేది అందువల్లనే.

లంగాలో గంజి అంతటా పట్టిందో లేదో తెలుసుకోవాలంటే అంచు లోపలివైపు ఒక్క చుక్క టింక్చర్ అయొడిన్ వేసి చూడండి. గంజి ఉంటే నల్లని నీలం రంగు వస్తుంది. (మచ్చ పోదు. అమ్మను అడిగి మరీ వెయ్యండి.)

ఈ విద్య మనకు కొత్త కాదు గాని లండనుకు ఒకప్పుడు కొత్తే. 1564లో డింఘన్ అనే ఫ్లెమిష్ స్త్రీ లండను చేరి, మెడ చుట్టూ చక్రాల్లాగా పెట్టుకునే కుచ్చుల పట్టీలకు గంజి పెట్టడం నేర్పే పని మొదలుపెట్టింది. గంజి పెట్టడం నేర్పినందుకు నాలుగైదు పౌన్లు, గంజి కాచడం నేర్పినందుకు వేరే ఇరవై షిల్లింగులు పుచ్చుకునేది! ఆ రోజుల్లో అది పెద్ద సొమ్ము. మా నాయనమ్మగారు ఒక కాఫీతో సరిపెట్టుకున్నది. ఇంగ్లండులో అప్పుడు ఒక అడవిదుంప నుంచి కూడా గంజి తీసేవారు. అది మన చేమదుంప కుటుంబంలోనిదే. చేమ ఒలిస్తే చేతులు దురదపెట్టవూ? ఆ గంజి పట్టిన చాకలి స్త్రీల చేతులు పగిలి పుళ్లుపడేవని 1597లోనే ఒక మూలికల పుస్తకంలో రాశారు. పెద్దింటివాళ్ల మెడపట్టీల తెల్లదనానికి వెల ఎవరు ఇచ్చారో చూశారా! 1840లో హల్ అనే ఊళ్లో ఐజక్ రెకిట్ ఒక గంజిపిండి మిల్లు నడపడం మొదలుపెట్టాడు. మన ఇళ్లలో తెల్లబట్టలకు పెట్టిన రాబిన్ నీలిమందు ఆ కంపెనీదే.

సరే, మా నాటకానికి వద్దాం. గౌను అద్భుతంగా నిలబడింది. ఆఖరి రిహార్సలు రోజున దీపం రంగం మొదలైంది. నైటింగేల్ రాత్రిపూట దీపం పట్టుకుని రోగుల మధ్య తిరిగేది గనక ఆమెకు దీపధారిణి అని పేరు. బొమ్మల్లో చూసినట్టే ఉండాలని మేము నిజమైన నూనెదీపం వెలిగించి అమ్మాయి చేతికిచ్చాం. కరెంటు పోయింది. చీకట్లో బెంచీల మధ్య దారి కనిపించడానికి ఎవరో ఇంకో దీపం నేలమీద పెట్టారు. అమ్మాయి చేతిలోని దీపం మీదే మా అందరి దృష్టి. ఆమె ఒక రోగి మీదికి వంగి, వెనక్కు తిరిగింది. గౌను ఆమెకన్న మూరెడు దూరంలో తిరిగింది. అంచు నేలమీది దీపానికి తగిలింది.

ఆ పిల్లకు ఏమీ తెలియలేదు! ఒంటికి తగలని గుడ్డ కాలుతుంటే ఎలా తెలుస్తుంది? రోగి వేషం వేసిన కుర్రవాడు అరిచాడు. డ్రాయింగు మాస్టారు వాడి మీది దుప్పటి లాగి గౌను అంచును అదిమేశాడు. రెండు లంగాలకు అరచెయ్యంత కంత పడింది. పిల్లకు దెబ్బ తగలలేదు. నేను మటుకు కుర్చీలోంచి లేవలేకపోయాను. నిజం దీపాలు పెట్టమన్నది నేనే.

“పరవాలేదు మాస్టారూ, నాకేం కాలేదు,” అని ఆ పిల్లే నాకు ధైర్యం చెప్పింది.

ఆ రాత్రి నిద్రపట్టక నైటింగేల్ రాసిన ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ తీశాను. 1859 నాటి పుస్తకం. నాటకం రాసేముందు అక్కడక్కడ తిరగేశానే గాని సరిగా చదవలేదు. చదివితే, ఏముంది! గరగరలాడే పట్టుబట్టలూ, క్రినొలిన్లూ రోగికి చేసే హాని ఇంతా అంతా కాదని ఆవిడ చీవాట్లు పెట్టింది. ఆ గౌన్లకు నిప్పంటుకుని ఎందరు చస్తున్నారో ప్రభుత్వం లెక్క చెబితే బాగుండునన్నది. మానలేనివాళ్లు కనీసం గంజిలో పటిక అయినా కలుపుకోండని సలహా చెప్పింది. మేము ఎవరి వేషం వేస్తున్నామో ఆవిడే ఈ ప్రమాదం గురించి నూటయాభై ఏళ్ల కిందట హెచ్చరించి ఉన్నది!

ఆవిడ భయం ఉత్తది కాదు. పారిస్ ఒపేరాలో ఎమ్మా లివ్రీ అనే నర్తకి ఉండేది. పటికలాంటి మందులో ముంచిన గుడ్డ మాసినట్టు కనిపిస్తుందని ఆమె వద్దన్నది. 1862 నవంబరులో, రిహార్సలులోనే, ఆమె పావడాకు గ్యాసుదీపం అంటుకుంది. ఎనిమిది నెలలు బాధపడి చనిపోయింది.

పటికకు ఆ గుణం ఎలా వచ్చింది? పటికరాయి చూడటానికి పొడిగా ఉంటుంది గాని, దాని బరువులో దాదాపు సగం నీళ్లే. వేడి తగిలితే ఆ నీరు ఆవిరై బయటికి వస్తుంది, మంటను కొంత చల్లారుస్తుంది. మర్నాడు పెరట్లో రెండు గుడ్డపీలికలకు, ఒకదానికి ఉత్త గంజి, ఒకదానికి పటిక గంజి పెట్టి, పట్టకారుతో పట్టుకుని వెలిగించి చూశాను. (మీరు చెయ్యవద్దు.) ఉత్త గంజిది భగ్గుమన్నది. పటికది మెల్లగా నల్లబడుతూ కాలింది. కాని కాలింది! ఆ మాట అమ్మానాన్నలు గుర్తుంచుకోవాలి. పటిక కొంచెం వ్యవధి ఇస్తుంది, అంతే. దాన్ని నమ్ముకుని దీపం దగ్గరకు పోకూడదు.

అందుచేత కొత్త లంగాలకు పటిక గంజి పెట్టించి, దీపాలు మొత్తం ఎత్తివేశాం. దీనివల్ల చరిత్రకు లోటేమీ రాలేదు. బొమ్మల్లో కనిపించే అల్లావుద్దీన్ దీపం చిత్రకారుల కల్పన. స్కుటారిలో ఆవిడ పట్టుకున్నది టర్కీవాళ్ల మడత లాంతరు, పైనా కిందా రేకుమూతలతో, మధ్యలో అకార్డియన్‌లాగా మడతలుపడే గొట్టం. పిల్లలు అట్టముక్కలు, నూనె రాసిన కాగితంతో దాన్ని చేసి, లోపల టార్చిలైటు పెట్టారు. ఆస్పత్రి రంగంలో మూడు లంగాల్లో రెండు తీయించేశాం. అక్కడ ఆవిడ వేసుకున్నది సాదా నల్ల గౌనే. పైగా ఫెళఫెళలాడే బట్టలతో రోగుల దగ్గరకు పోవడం ఆవిడకే గిట్టదు కదా!

నాటకం అయిపోయాక లంగాలను పెట్టెలో పెట్టబోతుంటే నాయనమ్మ పరుగున వచ్చింది.

“గంజితో పెట్టకండి మాస్టారూ! బొద్దింకలు, పురుగులు కొరికేస్తాయి. వచ్చే ఏటికి జల్లెడ మిగులుద్ది.”

గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, గంజి అంతా పోయేదాకా జాడించి, మెత్తగా ఆరేసి పెట్టాం. ఆ నీళ్లు కూడా ఆవిడ పారబొయ్యనివ్వలేదు. ఇంటికి తీసుకుపోయి గేదె కుడితిలో కలుపుతానన్నది. అందులో పటిక ఉందని చెప్పి నేను ఆపేసరికి, “అయితే మీ గేదెకే పోసుకోండి,” అని నవ్వుతూ వెళ్లిపోయింది.