స్ప్రెడ్‌షీటు: చదివేవాడి వైపు నుంచి

లెక్క రాయడం ఒక విద్య. రాసిన లెక్కను ఎదుటివాడికి అర్థమయ్యేటట్లు పెట్టడం ఇంకో విద్య. మొదటిది మన కళాశాలల్లో నేర్పుతారు. రెండవది ఎవరికి వారే నేర్చుకోవాలి. విద్యార్థి సంఘం వారు ఈ సంచికకు ఏదైనా రాసివ్వమని అడిగినప్పుడు, కామర్సు విద్యార్థులకు పాఠం చెప్పుకునేవాణ్ణి గనుక, ఈ రెండవ విద్య గురించే నాలుగు మాటలు రాద్దామనిపించింది.

వెనకటికి మన పల్లెల్లో కరణాలు లెక్కలు గొలుసుకట్టు రాతలో రాసేవారు. అలవాటున్నవారికి తప్ప ఆ రాత చదవడం ఎవరికీ సాధ్యమయ్యేది కాదు. తన పేర ఎంత భూమి ఉందో, ఎంత శిస్తు బాకీ ఉందో తెలుసుకోవాలంటే రైతుకు కరణంగారి నోటి మాటే ఆధారం. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణం పదవులు రద్దయ్యాయి. మరి గొలుసుకట్టు కూడా పోయిందా? పోలేదు, కంప్యూటర్లోకి వచ్చి చేరిందని నా అనుమానం. ఈ రోజుల్లో ఏ ఆఫీసులో, ఏ సంఘంలో చూసినా లెక్కలన్నీ స్ప్రెడ్‌షీట్లే. వాటిలో సగం, తయారుచేసినవాడికి తప్ప ఇంకెవరికీ బోధపడవు. చదవగలిగినవాడే ప్రశ్న అడగగలడు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే.

స్ప్రెడ్‌షీటు అంటే

కంప్యూటర్లు రాకముందే ఈ మాట ఉంది. అడ్డంగా, నిలువుగా గీతలు గీసిన వెడల్పాటి లెక్కల కాగితాన్ని అమెరికాలో గుమాస్తాలు అలా పిలిచేవారు. దాన్ని తెర మీదికి తెద్దామన్న ఆలోచన హార్వర్డు బిజినెస్ స్కూల్లో చదువుకుంటున్న డాన్ బ్రిక్లిన్ అనే విద్యార్థికి వచ్చింది. ఆయన, స్నేహితుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్ కలిసి తయారుచేసిన 'విజికాల్క్' 1979లో ఆపిల్-2 కంప్యూటరు మీద బయటికొచ్చింది. 1983లో 'లోటస్ 1-2-3', 1985లో 'ఎక్సెల్' వచ్చాయి. ఒక గడిలో అంకె మారిస్తే దాని మీద ఆధారపడిన గడులన్నీ వాటంతటవే మారడం దీని గొప్పతనం. లెక్క కట్టే శ్రమ యంత్రం తీసుకుంది. అర్థమయ్యేటట్లు పెట్టే బాధ్యత మాత్రం మనకే మిగిలింది.

ఆరు రూపాయల తగాదా

నాకు తెలిసిన ఒక హాస్టల్లో డివైడింగ్ మెస్సు ఉంది. నెల ఖర్చంతా కూడి, అందరూ తిన్న రోజుల మొత్తంతో భాగించి, వచ్చిన రేటును ఎవరు తిన్న రోజులతో వారికి హెచ్చవేస్తారు. ఒక నెల బిల్లు నోటీసు బోర్డు మీద పెట్టగానే గొడవ మొదలైంది. సులువుగా ఉండడానికి అంకెలు నేను వేసి చెబుతాను. ఖర్చు రూ.3,47,286. తిన్న రోజులు 3,180. రోజుకు రేటు 109 అని షీటులో ఉంది. 28 రోజులు తిన్న కుర్రవాడు కాగితం మీద హెచ్చవేసుకుంటే 3,052 వచ్చింది. బిల్లులో మాత్రం 3,058 ఉంది. "ఆరు రూపాయలు ఎటు పోయాయి? నూట ఇరవై మంది దగ్గర ఆరేసి రూపాయలంటే ఎంత?" అని ఒకడు అందుకున్నాడు. సాయంత్రానికల్లా మెస్సు సెక్రటరీ డబ్బు తిన్నాడని హాస్టలంతా అనేసింది.

పాపం, అతను ఒక్క పైసా ముట్టుకోలేదు. అసలు రేటు 109.2094 చిల్లర. గడిలో దశాంశాలు కనిపించకుండా పెట్టాడు గనుక కంటికి 109 కనిపించింది. యంత్రం మాత్రం లోపలున్న పూర్తి సంఖ్యతోనే లెక్క కట్టింది. ఫార్మాటింగులో మొదట తెలుసుకోవలసిన సంగతి ఇదే: గడిలో కనిపించేది వేరు, గడిలో ఉన్నది వేరు. ఆ రెంటికీ తేడా వచ్చినచోట అనుమానం పుడుతుంది.

దీనికి మందు కూడా సులువే. 'రౌండ్' అనే సూత్రంతో రేటును నిజంగానే 109.21 చేసి, రెండు దశాంశాలూ కనపడేటట్లు పెట్టాలి. అప్పుడు 28 రోజులకు 3,057.88 వస్తుంది. ఎవరు హెచ్చవేసుకున్నా అంతే వస్తుంది. అందరి బిల్లులూ కూడితే ఖర్చు కంటే రూపాయి ఎనభై పైసలు ఎక్కువ తేలుతుంది. దాన్ని దాచకుండా 'చిల్లర సర్దుబాటు' అని చివర ఒక పద్దు రాస్తే సరి. మరుసటి నెల బిల్లు అలాగే పెట్టారు. అడిగినవాళ్ళు లేరు.

అంకెలు, అక్షరాలు

ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు రాయాలని ఎలిమెంటరీ స్కూల్లో మనందరికీ చెప్పారు. స్ప్రెడ్‌షీటులోనూ అదే ధర్మం. అంకెలు కుడివైపుకు, పేర్లు ఎడమవైపుకు ఉండాలి. అందంగా ఉంటుందని అంకెల్ని గడి మధ్యకు జరిపితే వేలకూ లక్షలకూ తేడా కంటికి ఆనదు. ఒక నిలువు వరసలో దశాంశాలు పెడితే అన్నిటికీ సమానంగా పెట్టాలి. 'రూ.' అని ప్రతి గడిలోనూ రాయనక్కరలేదు, శీర్షికలో 'మొత్తం (రూపాయల్లో)' అంటే చాలు.

కామాల సంగతి ఒకటుంది. 347,286 అని ఉంటే మనవాళ్ళు ఒక క్షణం ఆగి చదువుతారు. 3,47,286 అంటే చూపు పడగానే మూడు లక్షల నలభై ఏడు వేలని తెలుస్తుంది. విండోస్ కంప్యూటరు రీజియన్ సెట్టింగులో 'ఇంగ్లీషు (ఇండియా)' ఎంచుకుంటే ఎక్సెల్లో కామాలు మన లక్షల పద్ధతిలోనే పడతాయి.

కొన్ని అంకెలు చూడడానికే అంకెలు, నిజానికి పేర్లు. రోల్ నంబరు, ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు ఎవరూ కూడరు, తీసెయ్యరు. వీటిని టైపు చెయ్యకముందే ఆ గడులను 'టెక్స్ట్' అని మార్చుకోవాలి. లేకపోతే 0047 అన్న రోల్ నంబరు 47 అయిపోతుంది. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలే గుర్తుపెట్టుకుంటుంది. 16 అంకెల ఖాతా నంబరు కొడితే చివరి అంకె సున్నా అవుతుంది. స్కాలర్‌షిప్పుల జాబితాలో ఇలా జరిగితే ఆ పిల్లవాడి డబ్బు ఏమవుతుందో ఊహించుకోండి.

తారీఖులతో ఇంకా చిక్కు. 3/4 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికా వారికి మార్చి 4. నెలను అక్షరాల్లో చూపిస్తే పేచీ లేదు. తారీఖు కానిదాన్ని తారీఖు చెయ్యడం కూడా ఈ యంత్రానికి అలవాటే. 'మార్చ్1', 'సెప్ట్1' అనే మనుషుల జన్యువుల పేర్లను ఎక్సెల్ మార్చి 1గా, సెప్టెంబరు 1గా మార్చేస్తూ ఉండేది. చివరికి జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘమే దిగొచ్చి, 2020లో ప్రకటించిన నియమాల్లో వాటిని 'మార్చ్‌ఎఫ్1', 'సెప్టిన్1' అని మార్చింది.

చూపు నిలిచేటట్లు

శీర్షికల వరస ఒక్కటే ఉండాలి, కాస్త ముదురు అక్షరాల్లో ఉండాలి. 'ఫ్రీజ్ పేన్స్' వాడితే కిందికి ఎంత దూరం పోయినా శీర్షికలు పైనే నిలిచి ఉంటాయి. రెండు మూడు గడులను కలిపేసే 'మెర్జ్' మీద పిల్లలకు మహా మోజు. జాబితా మధ్యలో గడులు కలిపితే తర్వాత అక్షర క్రమంలో పేర్చడం కుదరదు. శీర్షిక మధ్యకు రావాలంటే 'సెంటర్ ఎక్రాస్ సెలెక్షన్' ఉంది, గడులు కలపకుండానే పని జరుగుతుంది.

రంగులు పెళ్ళిపందిరికి బాగుంటాయి. లెక్కకు ఒకటి, మహా అయితే రెండు చాలు. ఎరుపు, ఆకుపచ్చలకు తేడా తెలియని కళ్ళు కొందరికి ఉంటాయి. పైగా మన నోటీసు బోర్డు కెక్కేది జిరాక్సు కాపీ. అందులో బాకీ ఉన్నవాడి ఎరుపూ, కట్టినవాడి ఆకుపచ్చా ఒకే బూడిద రంగు. కాబట్టి రంగుతో పాటు 'బాకీ' అని మాట కూడా రాయాలి.

తెలుగులో షీటు తయారుచేసేవారికి ఒక ప్రత్యేక సూచన. మన అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. ఇంగ్లీషుకు సరిపోయిన వరస ఎత్తులో మన ఒత్తులు తెగిపోతాయి. వరస ఎత్తు కాస్త పెంచండి. యూనికోడులోనే టైపు చెయ్యండి. పాత ఫాంట్లలో కొట్టింది, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చిగీతల్లా కనిపిస్తుంది.

ప్రింటు తీసేముందు పేజీ వెడల్పు చూసుకోవాలి. చివరి నిలువు వరస ఒక్కటే వేరే కాగితం మీద వచ్చిందంటే ఆ రెండు కాగితాలూ ఎప్పటికీ కలవవు. 'ప్రింట్ టైటిల్స్' పెడితే ప్రతి పేజీ మీదా శీర్షికలు వస్తాయి. తయారుచేసిన తారీఖు, పేజీ నంబరు కూడా ఉంటే మంచిది.

దాచిన వరసలు

అక్కరలేని వరసలను తీసెయ్యకుండా 'హైడ్' చేసి దాచే అలవాటు ఒకటుంది. 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా తీసినప్పుడు దాని వ్యాపారంలో కొంత భాగం బార్‌క్లేస్ బ్యాంకు కొన్నది. ఏయే ఒప్పందాలు తీసుకుంటున్నారో ఒక స్ప్రెడ్‌షీటులో జాబితా రాశారు. వద్దనుకున్న 179 ఒప్పందాల వరసలు అందులో దాచి ఉన్నాయి. కోర్టుకు ఇవ్వడానికి లాయర్ల ఆఫీసులో ఆ షీటును పీడీఎఫ్ చేసినప్పుడు అవన్నీ బయటపడి, కొన్నవాటిలో కలిసిపోయాయి. ఆ పొరపాటు సరిచెయ్యమని మళ్ళీ కోర్టుకే వెళ్ళవలసి వచ్చింది. అక్కరలేనిది వేరే షీటులో పెట్టి, దానికి పేరు రాసి ఉంచడమే క్షేమం.

చివరి మాట

మిత్రులారా, మీలో కొందరు రేపు బ్యాంకుల్లో చేరతారు, కొందరు పంచాయతీ ఆఫీసుల్లో, కొందరు ఊళ్ళోనే సహకార సంఘాల్లో లెక్కలు రాస్తారు. మీ షీటు పూర్తయ్యాక, ఆ లెక్కతో సంబంధం లేని ఒక మనిషిని పిలిచి, నోటితో ఏమీ చెప్పకుండా చేతికివ్వండి. మొత్తం ఎంత, తన వాటా ఎంత, అది ఎలా వచ్చింది అన్న మూడూ అతను వేలు పెట్టి చూపించగలిగితే మీ పని అయినట్లే. చూపించలేకపోతే ఇంకో అరగంట కూర్చోండి. లెక్క సరిగ్గా ఉన్నవాడికి, దాన్ని అందరూ చదవడం వల్ల వచ్చే నష్టమేమీ లేదు.