గొట్టం ఉన్నా గుండెల్లో పొగే!

"మాది పొగలేని పొయ్యే గదయ్యా! ఇంక పొగ యాడ నుంచి వచ్చింది?"

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, కొండాపురం చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే రోగుల నోట ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్క చెప్పలేను. దాన్ని మొదటిసారి సరిగా చెవికెక్కించుకున్నది మాత్రం ఒక ఇల్లాలి విషయంలో. ఆమెకు యాభై దాటాయి. పుట్టి బుద్ధెరిగిన తరువాత బీడీ ముట్టలేదు, చుట్ట కాల్చలేదు. రెండేళ్ళుగా తెల్లవారుజామున దగ్గు, తెమడ. బిందెడు నీళ్ళు మోసుకొస్తే ఆయాసం. పడుకుంటే ఛాతీలో పిల్లికూతలు. కళ్ళె పరీక్ష చేయించాను, క్షయ కాదని తేలింది. దగ్గు మందు రాసిచ్చాను. తగ్గలేదంటే మందు మార్చాను. ఈ రెండేళ్ళలో "వంట దేని మీద చేస్తావమ్మా?" అని ఒక్కనాడైనా అడగలేదు. వైద్యం చదువుకునే రోజుల్లో మాకు రోజుకు ఎన్ని బీడీలు అని అడగడం నేర్పారు గాని, రోజుకు ఎన్ని గంటలు పొయ్యి ముందు అని అడగడం ఎవరూ నేర్పలేదు. ఇది సాకే, ఒప్పుకుంటాను.

ఒక ఏడు కార్తీకమాసపు ముసురులో ఆమె పది నెలల మనవణ్ణి ఎత్తుకుని వచ్చింది. బిడ్డ డొక్కలు ఎగరేస్తున్నాడు. న్యుమోనియా. ప్రాణవాయువు పెట్టి, సూదిమందు వేసి, రెండు రాత్రులు కనిపెట్టుకుని ఉంటే గాని గండం గడవలేదు. అప్పుడు అడిగాను వంట సంగతి. అప్పుడు వచ్చిన జవాబే పైన రాసిన ప్రశ్న.

నమ్మకం కలగక ఆ ఆదివారం వాళ్ళ ఊరు వెళ్ళాను. పొయ్యి నిజంగా పొగలేని పొయ్యే. రెండు కన్నాలు, ముందు కట్టె పెట్టే నోరు, వెనుక గోడ వెంబడి పైకి పోయే సిమెంటు గొట్టం. కానీ వంటిల్లంతా కాటుక పూసినట్టుంది. వెలుపలికి వచ్చి పైకి చూస్తే గొట్టం మూతికి గోనెసంచి చుట్టి, పురికొసతో బిగించి కట్టి ఉంది.

"వానొస్తే నీళ్ళు పొయ్యిలో పడతన్నాయి సార్, నేనే కట్టినా" అన్నాడు ఇంటి యజమాని.

"ఎన్నాళ్ళయింది పెద్దాయనా?"

"రెండు మూడేళ్ళు అయ్యుంటది."

ఆమె దగ్గు వయసూ అంతే.

ఆయనను తప్పు పట్టి లాభం లేదు. పొయ్యి కట్టి పోయినవారు గొట్టం పైన రేకు టోపీ పెట్టలేదు, అది ఎందుకో చెప్పనూ లేదు. గొట్టం ఉంటే పొగ దానంతట అదే పోతుందని ఆయన నమ్మాడు. ఇంట్లో అందరూ నమ్మారు. మొత్తం అపోహలకు ఇదే తల్లివేరు.

గొట్టం పొగను ఎట్లా లాగుతుందో కాస్త చూద్దాం. వేడెక్కిన గాలి తేలికై గొట్టంలో పైకి పోతుంది. అది పైకి పోయినప్పుడల్లా పొయ్యి నోటి గుండా వంటింటి గాలి లోపలికి వస్తుంది. ఆ వచ్చే గాలే కట్టెను పూర్తిగా కాలుస్తుంది, పొగను పైకి తోస్తుంది. ఈ దారిలో ఎక్కడ అడ్డు పడినా, అది పైన గోనెసంచి కావచ్చు, నడుమ పేరుకున్న మసి కావచ్చు, కింద నోటినిండా కుక్కిన కట్టెలు కావచ్చు, పొగ వెనక్కు తిరిగి వంట చేసేవారి ముఖం మీదికే వస్తుంది. ఊదుగొట్టంతో ఊదీ ఊదీ అలసిపోయే తల్లులు ఒక్కసారి వంగి పొయ్యి నోటిలోకి చూడండి. కట్టెల పైన జానెడు ఖాళీ కనపడుతున్నదా? లేకపోతే ఊదినా ప్రయోజనం లేదు, రెండు కట్టెలు బయటికి లాగితే మంట తానే లేస్తుంది.

ఇక్కడే మరొక పొరపాటు జరుగుతుంది. పొయ్యి కట్టిన నెల తిరక్కుండానే నోటిని గడ్డపారతో పెద్దది చేస్తారు. మొద్దులు చీల్చే ఓపిక లేక, ఉన్నపాటున దూర్చడానికి. ఆ పొయ్యి కొలతలు ఊరికే పెట్టినవి కావు. నోరు పెద్దదైతే అవసరానికి మించిన చల్లగాలి లోపల దూరి మంటను చల్లబరుస్తుంది, లాగుడు తగ్గిపోతుంది. బొటనవేలి లావు నుంచి మణికట్టు లావు దాకా చీల్చిన కట్టెలే ఈ పొయ్యికి తగినవి. ఇటీవల వచ్చిన ఇనుప పొయ్యిలకు, ముఖ్యంగా చిన్న ఫ్యానుతో గాలి ఊదే రకానికి, ఇంకా చిన్న ముక్కలు కావాలి. బ్యాటరీ అయిపోయి ఫ్యాను ఆగిన తరువాత కూడా దాన్నే వాడుతూ "కంపెనీ పొయ్యి గదా" అని నిశ్చింతగా ఉండేవారు ఉన్నారు. ఫ్యాను ఆగిన క్షణాన అది పొగ పొయ్యి అయిపోతుంది.

రెండో కన్నం సంగతి చెప్పకపోతే పాపం. ముందు కన్నం మీద అన్నం ఉడుకుతుంటుంది, వెనుక కన్నం నోరు తెరుచుకుని ఉంటుంది. గొట్టం దాకా పోవలసిన పొగ ఆ దారినే బయటికి వస్తుంది. దాని మీద నీళ్ళ గిన్నె పెట్టండి, స్నానానికి పనికొస్తుంది. గిన్నె లేకపోతే మట్టిమూత పెట్టండి. గిన్నె అడుగు కన్నానికి సరిగా కూర్చోకపోతే సందుల్లో నుంచి అదే కథ.

ఇక పచ్చికట్టె. "పచ్చిదైతే నిదానంగా కాలుద్ది సార్, కట్టె కలిసొస్తుంది" అని ఇక్కడ గట్టి నమ్మకం. కొట్టిన కొత్తలో కట్టె బరువులో దాదాపు సగం నీరే ఉంటుంది. మంచులాంటి నీటిని మరిగే దాకా కాచడానికి పట్టే వేడికి అయిదు రెట్ల పైచిలుకు వేడి, ఆ మరిగే నీటిని ఆవిరి చేయడానికి కావాలి. అంటే మీ పొయ్యి ముందు కట్టెలోని నీళ్ళను కాచి, ఆ తరువాత గాని మీ ఎసరు కాయదు. కలిసి రావడం మాట దేవుడెరుగు, కట్టె ఎక్కువ ఖర్చవుతుంది, సగం కాలిన పొగ గొట్టం లోపల జిగురులా అంటుకుంటుంది. మన మెట్టలో ఎండలకు కొదవ లేదు. చిల్లకంపైనా, కందికంపైనా, పొగాకు కట్టెలైనా వేసవిలోనే కొట్టి, చీల్చి, నేలకు తగలకుండా ఎత్తు మీద పేర్చి, పైన మాత్రం కప్పు వేసి పక్కలు గాలికి వదలండి. మనకు పెద్ద వానలు ఆశ్వయుజ కార్తీకాల్లో, తుపానులతో వస్తాయి. తడిసిన కట్టె, చలికి మూసిన తలుపులు, ఇంట్లో చంటిపిల్లలు, ఈ మూడూ కలిసేది ఆ రోజుల్లోనే. తడికట్టె అంటుకోవడం లేదని కిరసనాయిలు పోయడం, పాల కవర్లూ ప్లాస్టిక్ సంచులూ వేయడం మాత్రం ఎంత మాత్రమూ కూడదు. మొదటిది ఒళ్ళు కాలుస్తుంది. రెండవదాని పొగలో కట్టెపొగలో లేని విషాలు కూడా చేరతాయి.

పొగలేని పొయ్యి మనకు కొత్తదేమీ కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్.పి. రాజు అనే ఆయన గొట్టం పొయ్యి ఒకటి రూపొందించి, 1953లోనే కోట్లమందికి పొగలేని వంటిళ్ళు అన్న అర్థం వచ్చే పేరుతో ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం వేశారు. తరువాత 1983 ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి 2002 దాకా నడిపింది. పొయ్యిలు కట్టడం మీద ఉన్న శ్రద్ధ వాటి బాగోగుల మీద లేకపోయిందని నా అభిప్రాయం. ఇది నా ఒక్కడి మాట కాదు. ఒడిశా పల్లెల్లో ఇటువంటి పొయ్యిలు కట్టించి నాలుగేళ్ళ దాకా కనిపెట్టి చూసిన ఆర్థికవేత్తల బృందం ఒకటి ఉంది. అందులో ఒకరైన ఎస్తేర్ డుఫ్లోకు తరువాత 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. మొదటి ఏడు వంట చేసేవారి ఊపిరిలో పొగ తగ్గిందట. ఆ తరువాత ఆ మేలు కనపడకుండా పోయింది. పగిలిన పొయ్యికి మట్టి మెత్తినవారు లేరు, గొట్టం దులిపినవారు లేరు, వాడకమూ సరిగా లేదు.

గొట్టం నెలకొకసారి దులపాలి. పొయ్యి చల్లారిన తరువాత, పొడుగాటి కర్రకు గోనెపీచు కట్టి పైనుంచి కిందికి. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోవడం మరవకండి. గొట్టం ఇంటి కప్పు కన్నా రెండు మూడు అడుగులు పైకి ఉండాలి. అటకలోనే ఆపేస్తే పొగ ఇంట్లోనే తిరుగుతుంది, నిప్పురవ్వ పడితే ఇల్లే పోతుంది. పాత ఆస్‌బెస్టాస్ సిమెంటు గొట్టమైతే దాన్ని రంపంతో కోయడం, పగలగొట్టడం చేయవద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మరీ చేటు.

"పొగ అలవాటైపోయింది డాక్టరుగారూ, ఇప్పుడు కళ్ళు కూడా మండవు" అంటారు కొందరు పెద్దవారు, ఏదో గెలుపు సాధించినట్టు. మంట తెలియకపోవడం వేరు, హాని లేకపోవడం వేరు. ఢిల్లీలో డాక్టర్ పద్మావతి 1959లోనే, ఊపిరితిత్తులు చెడి ఆ భారం గుండె కుడిభాగం మీద పడే జబ్బు గురించి రాస్తూ, పొగ తాగని ఆడవారిలో అది కనపడటానికి వంటింటి పొగ వైపు వేలు చూపించారు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే నిజామాబాదు, వరంగల్, రంగారెడ్డి జిల్లాల ఇళ్ళలో కొలిచి 2004లో ప్రకటించిన లెక్క చూడండి. ఊపిరితిత్తుల లోతుకు పోయేంత సన్నని ధూళి, ఇరవై నాలుగు గంటల సగటున, ఘనపు మీటరు గాలిలో గ్యాసు వాడే ఇళ్ళలో 73 మైక్రోగ్రాములుంటే, కట్టెలూ పిడకలూ వంటివి వాడే ఇళ్ళలో 732 దాకా ఉంది.

పొగ కనపడని విషం ఇంకొకటి ఉంది. కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు, కన్ను మండించదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఎర్రటి నిప్పుల్లో పొగ లేదు కదా అని బాలింత గదిలో కుంపటి పెట్టి, కిటికీలు మూసి, సాంబ్రాణి చల్లి తలుపు దగ్గరగా వేసే ఆచారం మన ఇళ్ళలో ఇంకా పోలేదు. తల్లికి తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వస్తే బాలింత వాతమనీ, దిష్టి అనీ అంటారు. బిడ్డ మత్తుగా పడి ఉంటే హాయిగా నిద్రపోతున్నాడంటారు. పెద్దమ్మలు నా మీద కోపగించినా సరే, నిప్పుల కుంపటి బాలింత గదిలోకి రాకూడదు. వెచ్చదనం కావాలంటే దుప్పటి కప్పండి, బిడ్డకు టోపీ పెట్టి తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టండి. పొయ్యి విషయంలోనూ ఇదే ప్రమాదం ఉంది. గొట్టంలో అడ్డురేకు ఉన్న పొయ్యిలకు, వేడి వృథా పోతుందని నిప్పులు ఇంకా కణకణలాడుతుండగానే రేకు మూసేస్తారు. నిప్పులు పూర్తిగా చల్లారే దాకా దాన్ని తెరిచే ఉంచాలి.

పొగ ఉంటే దోమలు రావనేవారికి దోమతెర కొనుక్కోమనే నా జవాబు.

ఇన్ని చెప్పి ఒక మాట దాచకూడదు. గొట్టం పొయ్యి ఎంత బాగా వాడినా గ్యాసుకు సాటి రాదు. బయటికి పోయిన పొగ మాయమైపోదు, పక్కింటి కిటికీలో దూరుతుంది. గ్వాటెమాలాలో జరిపి 2011లో ప్రకటించిన పెద్ద పరిశోధనలో, గొట్టం పొయ్యి ఉన్న ఇళ్ళ పిల్లల్లో తీవ్రమైన న్యుమోనియా తగ్గింది గాని, మొత్తం న్యుమోనియాలో స్పష్టమైన తగ్గుదల కనపడలేదు. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చిన తరువాత మా పల్లెల్లో సిలిండరు లేని ఇల్లు అరుదు. అయినా గ్యాసు మీద టీ, కట్టెల మీద అన్నం! సిలిండరు ధర ఒక కారణం, దాన్ని కాదనను. కానీ "గ్యాసు మీద వండితే కడుపులో గ్యాసు పడుతుంది" అని చెప్పేవారికి ఏమని చెప్పను? కడుపులో గాలికీ సిలిండరుకీ పేరులో తప్ప చుట్టరికం లేదు. డబ్బు చాలక రెండూ వాడవలసి వస్తే, ఇంట్లో గర్భిణి గాని చంటిబిడ్డ గాని ఉన్న రోజుల్లో, వానాకాలంలో గ్యాసు వాడి, ఎండల్లో కట్టెల వంట ఆరుబయట పెట్టుకోండి. పొయ్యి ఎదుట కూర్చున్నప్పుడు బిడ్డను ఒళ్ళో, వీపున ఉంచుకోకండి.

ఆ ఇంటి గొట్టానికి గోనెసంచి విప్పించి, పాత నూనెడబ్బా రేకుతో టోపీ చేయించాము. గాలి ఆడేందుకు మూతికీ టోపీకీ నడుమ జానెడు ఎడం ఉంచాము. ఊళ్ళోని కమ్మరి అరగంటలో చేసిపెట్టాడు. ఆమెకు పీల్చే మందు రాశాను. "అది పట్టుకుంటే జన్మంతా వదలదంట గదయ్యా" అని భయపడింది. వదలనిది జబ్బు, మందు కాదని నచ్చజెప్పడానికి మూడు సార్లు పట్టింది. దగ్గు చాలావరకు తగ్గింది. ఆయాసం పూర్తిగా పోలేదు, పోదు కూడా. దెబ్బతిన్న ఊపిరితిత్తి తిరిగి మొలవదు. తరువాతి కార్తీకంలో మనవణ్ణి ఎత్తుకుని మళ్ళీ వచ్చింది. నా గుండె ఒక్కసారి జల్లుమంది. టీకా కోసమట.